స్ప్రింగుల పుస్తకం

మొన్న వేసవి మొదట్లో నది అవతల ఉన్న స్ప్రింగుల ఫ్యాక్టరీని కూల్చేశారు. కూల్చేస్తున్నారని ఎవరో అనగా విని, ఇంట్లో చెప్పకుండా కారు తీసుకుని వెళ్లాను. నేను వెళ్లేసరికి పని దాదాపు అయిపోయింది. ఎర్ర ఇటుకలు ఒక పక్క, వంగిన ఇనుప దూలాలు ఇంకో పక్క కుప్పలు పోశారు. దుమ్ము లేవకుండా ఒక మనిషి గొట్టంతో నీళ్లు కొడుతున్నాడు. ఇక్కడ ఏం కడతారని అడిగితే గిడ్డంగి అన్నాడు. ఇంతకుముందు ఇక్కడ ఏం తయారయ్యేదో తెలుసా అని అడిగాను. "ఏవో ఇనప సామాన్లు, మేడమ్" అని నీళ్ల గొట్టం ఇంకో పక్కకు తిప్పాడు. నేను కంచె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆ కుప్పలో నా చేతి పని కూడా కొంత ఉంది. ఇన్నేళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

విమానాలు ఢీకొని జంట టవర్లు కూలిన మరుసటి ఏడాది పెళ్లయి, అమెరికాలో ఎడిసన్ అనే ఊరు వచ్చాను. మా ఆయన శ్రీధర్‌ది హెచ్-వన్ వీసా. నాది ఆయన వెంట వచ్చిన భార్య వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. ఎవరి ఉద్యోగం ఎప్పుడు పోతుందో తెలియని రోజులు కాబట్టి వేరే ఇల్లు తీసుకునే ధైర్యం చాలక మా ఆయన బాబాయి ఇంట్లో, కింది గదిలో మూడేళ్లు ఉన్నాం. ఆయన నాకు వరసకు చినమామయ్య. మామయ్య గారనే పిలిచేదాన్ని. కాకినాడలో మెకానికల్ చదివి, డెబ్భైల మొదట్లో ఈ దేశం వచ్చి, ముప్పై ఏళ్లుగా ఆ ఒక్క ఫ్యాక్టరీలోనే ఇంజనీరుగా ఉన్నారు. ఉదయం ఐదున్నరకు ఆయన మెట్లు దిగే చప్పుడుతో ఇల్లు లేచేది. కాఫీ స్టీలు గ్లాసులోనే తాగాలి. డబ్బాలో పెరుగన్నం, మూత లోపలి వైపు ఆవకాయ ముక్క. సాయంత్రం నాలుగున్నరకు గరాజ్ తలుపు లేస్తూనే ఒక వాసన ఇంట్లోకి వచ్చేది. కాలిన నూనె, ఇనుము, చేతులు తోముకునే నిమ్మ సబ్బు కలిసిన వాసన. అత్తయ్య ఆయన్ను గరాజ్‌లోనే నిలబెట్టి చొక్కా విప్పించి విడిగా బకెట్‌లో నానేసేది. "మీ మామయ్యను పిండితే పావుకిలో నూనె దిగుతుందే. పోపు పెట్టుకోవచ్చు" అనేది నాతో, ఆయనకు వినిపించేలా.

ఆయన జేబుల్లో ఎప్పుడూ స్ప్రింగులు ఉండేవి. బియ్యపు గింజంత చిన్నవీ, బొటనవేలి మందాన పెద్దవీ. ఇంట్లో ప్రతి తలుపుకూ, సొరుగుకూ ఒకటి బిగించారు. ఊరగాయ జాడీ మూతకు కూడా ఒకటి పెడితే, అది ఎగిరి అత్తయ్య కళ్లజోడు పగిలింది. భోజనం చేస్తూ ఎడమచేత్తో ఒక స్ప్రింగును చెవి దగ్గర నొక్కి వదిలేవారు. మంచిదైతే తల ఊపేవారు. చెడ్డదైతే ముఖం చిట్లించి, ఆ పూట ఇంకేం మాట్లాడేవారు కాదు. నాకు రెండూ ఒకేలా వినిపించేవి.

నేను ఇంటర్‌తో ఆగిపోయినదాన్ని. ఆగిపోవాలని ఆగలేదు, ఆ కథ వేరు. ఎడిసన్‌లో నాకు దొరికిన కాలేజీ ఊరి లైబ్రరీ. అప్పటికి కారు నడపడం రాదు. నడిచి వెళ్లేదాన్ని. చలికాలంలో అత్తయ్య కోటు, మామయ్య గారి మేజోళ్లు వేసుకుని వెళ్లేదాన్ని. మా ఊరికి ఆ పేరు బల్బు చేసిన మనిషి నుంచి వచ్చిందని, ఆయన ప్రయోగశాల ఉన్న చోట స్తంభం కట్టి కొనన పెద్ద గాజు బల్బు పెట్టారని తెలిశాక, యంత్రాల చరిత్ర ఉన్న అలమర దగ్గర మొదలుపెట్టాను. పై అర ఎడమ చివర నుంచి కింది అర కుడి చివర దాకా ఒక్క పుస్తకం వదలకుండా చదవాలని పంతం. డిక్షనరీ పక్కన పెట్టుకుని, రోజుకు ఆరు పేజీలతో మొదలై అరవై పేజీలకు చేరాను. కోత యంత్రం, కుట్టు మిషను, తంతి, ఏ తుపాకీ భాగమైనా ఏ తుపాకీకైనా సరిపోయేలా చేసే పద్ధతి, మనిషి నిలబడే ఉంటే కారు అతని ముందుకు నడిచి వచ్చే ఫ్యాక్టరీ. అన్నీ నేనే కనిపెట్టినంత గర్వంగా రాత్రి భోజనాల దగ్గర చెప్పేదాన్ని. మా ఆయన ఆవలించేవారు. మామయ్య గారు మాత్రం చెయ్యి ఎండిపోతున్నా లేవకుండా వినేవారు. అన్నిటికంటే ఆయనకు నచ్చింది నూలు మిల్లు కథ. యంత్రాల బొమ్మలు, పనివాళ్లు దేశం దాటకూడదని ఇంగ్లండు చట్టం చేస్తే, ఒక కుర్రాడు రైతు వేషం వేసుకుని, మిల్లు మొత్తాన్ని తలలో పెట్టుకుని ఓడెక్కాడు. ఇక్కడ దిగి, గుర్తున్నదాన్ని బట్టి మళ్లీ కట్టాడు. ఈ దేశపు ఫ్యాక్టరీలు అలా మొదలయ్యాయి. "ఒక్క కాగితం కూడా లేకుండానా!" అని మామయ్య గారు ఆ కథ నాచేత మూడుసార్లు చెప్పించుకున్నారు. ఆ కథలో ఓడ దిగిన ఊరి గురించే మేమిద్దరం మాట్లాడుకున్నాం. ఓడ బయలుదేరిన ఊళ్లో ఏమైందో ఆ పుస్తకంలో లేదు. మాకూ అడగాలని తోచలేదు.

రెండో ఏడు చలి తగ్గుతుండగా మామయ్య గారు ఒక సాయంత్రం పసుపు కాగితాల పుస్తకాలు అరడజను తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టారు. కొత్త ప్లాంట్ మేనేజర్ ఆయన్ను గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, కాఫీ ఇచ్చి అడిగాడట. క్వాలిటీ సర్టిఫికెట్ రావాలంటే ప్రతి పనీ రాతలో ఉండాలి, అన్ని యంత్రాల గుట్టూ తెలిసినవాడివి నువ్వొక్కడివే, నీకు తెలిసిందంతా రాసి పెట్టు అని. ముప్పై ఏళ్లలో ఆ గదిలో కూర్చోమన్నది అదే మొదటిసారి. "నా రాత నాకే అర్థం కాదు కదా అమ్మాయ్. నేను చెప్తాను, నువ్వు రాయి" అన్నారు.

"ఎంత రాయాలి మామయ్య గారూ?"

"అడిషనల్ షీట్లు ఎన్ని అడిగితే అన్ని ఇస్తారట" అని పెద్దగా నవ్వారు.

మా ఇద్దరి బుర్రల్లోనూ ఉన్నది పరీక్ష హాలే. అక్కడ ఎంత లావు కట్టను దారంతో కడితే అన్ని మార్కులు. దిద్దేవాళ్లు పేపరు బరువు చూస్తారని మా కాలేజీలో లెక్చరర్లే చెప్పేవారు. ఎక్కువ రాస్తే ఎక్కువ తెలిసినవాడు, ఎక్కువ తెలిసినవాణ్ని ఎవరూ వదులుకోరు. ఈ లెక్క తప్పు కావచ్చని మాకు అనుమానమైనా రాలేదు. స్కేలు పెట్టి ఎడమ వైపు మార్జిన్ కొట్టాను. హెడ్డింగుల కింద రెండు గీతలు గీశాను. ఇంటర్‌లో ప్రాక్టికల్ రికార్డు రాసినట్టే, కుడి వైపు పేజీలో రాత, ఎడమ వైపు పేజీలో పెన్సిల్ బొమ్మ, బాణం గుర్తులు, భాగాల పేర్లు. అవి కంప్యూటర్లు రాకముందు చేసిన యంత్రాలు. తీగను లాగి, చుట్టి, కోస్తాయి. తీగ చుట్ట మారినా, వాన పట్టినా, నూనె చల్లబడినా స్ప్రింగు పొడవు వెంట్రుకవాసి మారిపోతుంది. అప్పుడు ఎక్కడ తట్టాలో, ఏ మరను ఎంత తిప్పాలో, ఏ చప్పుడు వస్తే ఆపేయాలో మామయ్య గారు కళ్లు మూసుకుని చెప్పేవారు. నేను రాసి, చదివి వినిపించేదాన్ని. "అబ్బే, అంత గట్టిగా కాదు. పాల గిన్నె మూత తీసినట్టు" అనేవారు. దాన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలియక నేను వంటింట్లోకి వెళ్లి మూత తీసి చూసి వచ్చేదాన్ని. ఆ ఆరు నెలలంత సంతోషంగా నేను ఈ దేశంలో మళ్లీ ఎప్పుడూ లేను. ఇది కూడా ఒప్పుకోవాలి.

వాల్ట్ అని మామయ్య గారితో పాతికేళ్లు పనిచేసిన మెషినిస్టు ఉండేవాడు. ఎత్తుగా, ఎడమచేతి రెండు వేళ్లు సగమే ఉన్న మనిషి. వేసవిలో ఆదివారాలు తన పెరటి టమాటాలు సంచిలో తెచ్చి, అత్తయ్య చేసిన టమాటా పచ్చడి సీసాలో పట్టుకుపోయేవాడు. అలా వచ్చిన ఒక ఆదివారం టేబుల్ మీద మేం రాసిన కట్టలు చూసి, ఒకటి తీసి నాలుగు పేజీలు తిప్పాడు. మామయ్య గారిని సరదాగా ప్రొఫెసర్ అనేవాడు. అతని ఇంగ్లీషు మాటలు నాకు గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను.

"ప్రొఫెసర్, నీకు మతి పోయిందా? అన్నీ వాళ్ల చేతికిస్తున్నావా?"

"సర్టిఫికెట్ కోసం వాల్ట్."

"మా నాన్న ఇదే షాపులో నలభై ఏళ్లు చేశాడు. ఒక్క ముక్క రాసివ్వలేదు. అందుకే ఆయన్ను రిటైరయ్యేదాకా ఎవడూ కదపలేదు."

నాకు రోషం వచ్చింది. లైబ్రరీ చదువు నాలుక చివర సిద్ధంగా ఉండేది. "ఈ ఊరికి పేరిచ్చిన ఆయన తన ల్యాబ్‌లో ప్రతి ప్రయోగమూ నోటుబుక్కుల్లో రాయించాడు, తెలుసా మీకు?" అన్నాను.

వాల్ట్ నా వైపు తిరిగాడు. కోపం లేదు, నవ్వూ లేదు. "మంచిది, లైబ్రరీ లేడీ. ఆ నోటుబుక్కులు చివరికి ఎవరి దగ్గర ఉండిపోయాయి? రాసినవాళ్ల దగ్గరా, ఆయన దగ్గరా?" అన్నాడు. వెళ్తూ గుమ్మంలో ఆగి మామయ్య గారితో అన్నాడు. "రావ్, ఏం రాసినా రాయి. ఆ రేకు ముక్క మాత్రం వద్దు. అది నాది."

రేకు ముక్క సంగతి ఇది. ఉన్నవాటిలో పెద్ద యంత్రం ఎండ ముదిరితే మొండికేసేది. స్ప్రింగులు పైకి బాగానే కనిపించేవి, లోపల ఒక చుట్టు బలహీనంగా ఉండేది. ఏ డ్రాయింగులోనూ దానికి మందు లేదు. ఎన్నో ఏళ్ల కిందట వాల్ట్ సోడా డబ్బాను కత్తిరించి, గోరంత రేకు ముక్కను పనిముట్టు కింద దోపాడు. యంత్రం దారికొచ్చింది. ఎక్కడ, ఏ మూలగా, ఎంత లోపలికి దోపాలో అతనికీ, చూస్తూ నిలబడ్డ మామయ్య గారికీ మాత్రమే తెలుసు.

ఆగస్టులో ఫ్యాక్టరీకి కొత్త మనుషులు రావడం మొదలైంది. టై కట్టుకున్నవాళ్లు, ఎవరితోనూ మాట్లాడనివాళ్లు. యంత్రాలకు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశారు. తర్వాత కొన్నిటి మీద ఆకుపచ్చ స్టిక్కర్లు, కొన్నిటి మీద ఎర్ర స్టిక్కర్లు అంటించారు. ఒకరోజు టేపు తెచ్చి వెనక గేటు వెడల్పు కొలిచారు. మామయ్య గారు ఇవన్నీ కాఫీ తాగుతూ ఉత్సాహంగా చెప్పేవారు. "కొత్త మెషీన్లు వస్తున్నాయి. మోడర్నైజ్ చేస్తున్నారు. డాక్యుమెంటేషన్ చూసి నమ్మకం కుదిరినట్టుంది." అత్తయ్య చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తకుండానే అడిగింది: "గేటు కొలిచింది లోపలికి తేవడానికా, బయటికి పట్టుకుపోవడానికా?"

"నీకేం తెలుసే?"

"నాకేం తెలుసు. మంచం కొనేముందు తలుపు కొలిచాం. ఇల్లు మారేముందు కూడా కొలిచాం." ఆయన గ్లాసు సింకులో పెట్టి లేచి వెళ్లిపోయారు. ఆ పూట స్ప్రింగు చెవి దగ్గర పెట్టుకోలేదు.

మా ఆయన అప్పుడు ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసులో ఉండేవారు. ఉదయం రైలెక్కితే రాత్రి ఎనిమిదికి దిగేవారు కాబట్టి మా రాత గురించి ఆయనకు పైపైనే తెలుసు. ఒక శనివారం నేను పేజీ నంబర్లు వేస్తుంటే వెనక నుంచి వచ్చి ఒక కట్ట తీసుకున్నారు. నించునే చదివారు. నాలుగో పేజీ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన ముఖంలో రంగు మారడం చూశాను.

"బాబాయ్, ఇది ఎవరడిగారు?"

"మేనేజరు. సర్టిఫికెట్ కోసం."

"కాదు బాబాయ్. ఇది కేటీ. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. నేను రోజూ చేసే పని ఇదే." ఆయన గొంతు తగ్గింది. "మా ఆఫీసులో అమెరికన్ ఆవిడ ఒకామె నా పక్కన కూర్చుని ఇలాగే చెప్తుంది. నేను రాసుకుని హైదరాబాద్ పంపిస్తాను. ఆమెకూ ఏదో ఆడిట్ కోసమనే చెప్పారు. ఆమె ఉద్యోగం పోతుందని నాకు మొదటిరోజు నుంచీ తెలుసు. ఆమె నాకు రోజూ కుకీలు తెచ్చిపెడుతుంది."

వంటింట్లో కుక్కర్ కూసింది. అత్తయ్య స్టవ్ ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎంతవరకు అయింది?" అని అడిగారు మా ఆయన.

"ఒక్క చాప్టర్ ఉంది. పెద్ద మెషీన్" అన్నాను.

"అది ఇవ్వకండి. అది లేకపోతే మిగతాది ఉన్నా వాళ్లు కదపలేరు. వాల్ట్ చెప్పింది అదే కదా."

మామయ్య గారు రెండు రోజులు నాతో ఏమీ రాయించలేదు. గరాజ్‌లో చొక్కా విప్పి, నేరుగా పెరట్లోకి వెళ్లి కూర్చునేవారు. మూడో రోజు టేబుల్ దగ్గరకు వచ్చి, కుర్చీ సరిచేసుకుని, "రాయి అమ్మాయ్" అన్నారు.

"ఏది మామయ్య గారూ?"

"రేకు ముక్క."

అత్తయ్య గట్టిగానే అంది: "వాల్ట్ అన్నయ్య అడిగాడు కదండీ, వద్దని."

"ఆ మెషీన్ స్ప్రింగులు బస్సుల బ్రేకుల్లోకి వెళ్తాయే. ఆస్పత్రుల్లో మందు ఎక్కించే పంపుల్లోకి వెళ్తాయి. నేను రాసినా రాయకపోయినా వాళ్లు దాన్ని పట్టుకుపోతారు. రేకు లేకుండా నడిపితే పైకి బాగానే కనిపిస్తాయి. ఎక్కడో విరుగుతుంది. ఎవరి బస్సులో విరిగిందో నాకు తెలియను కూడా తెలియదు."

"అయితే వాల్ట్‌ని ఒక మాట అడగండి."

"అడిగితే వద్దంటాడు" అన్నారు మామయ్య గారు. పసుపు కాగితాల పుస్తకం నా ముందుకు జరిపి, "వద్దంటే నేను రాయలేను" అన్నారు.

నేను రాశాను. ఇన్నేళ్లలో ఎవరికైనా ఈ కథ చెప్పాల్సి వచ్చినప్పుడు, పెద్దాయన రాయమన్నారు, నేను రాశాను అని సరిపెట్టాను. అది నిజమే. కానీ పుస్తకం అసంపూర్తిగా పోతుందేమోనని ఆ రెండు రోజులూ నాకు నిద్ర పట్టలేదన్నది కూడా నిజం. ఆఖరి అధ్యాయానికి ఎడమ పేజీలో ఎలాంటి బొమ్మ వేయాలో ముందే అనుకుని ఉన్నాను. రేకు ముక్కను అసలు కొలతకు పదింతలు పెంచి, నీడలు దిద్ది, మూలను బాణం గుర్తుతో చూపించాను. నేను వేసిన బొమ్మలన్నిట్లోకీ మంచిది అదే. దాని కింద వాల్ట్ పేరు రాయాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

మేనేజర్ కట్టలు తీసుకుని మామయ్య గారి భుజం తట్టాడు. సరిగ్గా ఐదు వారాలకు అందర్నీ క్యాంటీన్‌లో నిలబెట్టి ప్లాంట్ మూసేస్తున్నట్టు చెప్పాడు. ఆకుపచ్చ స్టిక్కర్లవి పుణె దగ్గర పెట్టిన కొత్త ప్లాంటుకు వెళ్తాయి. ఎర్రవి తుక్కుకు. మనుషులకు స్టిక్కర్లు అంటించలేదు కానీ వాళ్ల దారీ అదేనని అందరికీ అర్థమైంది. ఆ సాయంత్రం పార్కింగ్‌లో వాల్ట్ మామయ్య గారి కారు దాకా వచ్చి, కిటికీ అద్దం దించమని సైగ చేసి, ఒక్కటే అడిగాడట: "పెద్దదానికి ఏ స్టిక్కర్ వేశారో చూశావా రావ్?" ఆకుపచ్చ. మామయ్య గారు జవాబు చెప్పేలోపే అతను తన ట్రక్కు వైపు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆదివారాలు టమాటాలు రాలేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే అతని భార్య ఎత్తి, ఇంట్లో లేడంది. మరుసటి ఏడు పెన్సిల్వేనియాలో కూతురి దగ్గరకు వెళ్లిపోయారని ఎవరో చెప్పారు.

మన దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్‌లో కూరగాయల దగ్గర తెలిసిన కుర్రాళ్లు కనబడి, "మనకే కదా అంకుల్ వెళ్లింది! చైనాకి పోలేదు, హ్యాపీ!" అని మామయ్య గారి చెయ్యి ఊపారు. ఆయన బెండకాయలు ఏరుతూ, "అవును బాబూ, మనకే" అన్నారు. ఏరిన బెండకాయలన్నీ ముదురువి. అత్తయ్య వాటిని పారేసింది.

ఇప్పుడు నేను ఆ లైబ్రరీలోనే పుస్తకాలు సర్దే ఉద్యోగం చేస్తున్నాను. యంత్రాల చరిత్ర అలమర ఇంకా ఉంది, సగానికి తగ్గింది. అప్పట్లో ఆ పుస్తకాల్లో ఎవరు ఏం కనిపెట్టారో వెతికి చదివేదాన్ని. ఇప్పుడు ఖాళీ దొరికితే ఫొటోలు చూస్తాను. కొత్త యంత్రం ముందు యజమాని టోపీ పెట్టుకుని నిలబడి ఉంటాడు. వెనక వరసలో చేతులు కట్టుకుని పదిమంది. కింద పేరు ఒక్కటే ఉంటుంది. ఏ తుపాకీ భాగమైనా ఏ తుపాకీకైనా సరిపోయే పద్ధతి గురించి అంత మురిసిపోతూ భోజనాల దగ్గర చెప్పినప్పుడు, ఆ పద్ధతి వచ్చాక తుపాకీ చేసేవాడి స్థానంలో ఇంకెవరినైనా నిలబెట్టవచ్చన్న సంగతి నా ముందు పేజీలోనే ఉంది. నేను దాన్ని చదివాను. మార్జిన్‌లో టిక్కు కూడా పెట్టుకున్నాను.

యంత్రాలు వెళ్లిన నాలుగు నెలలకు మా ఇంటి ఫోన్ ఉదయం ఏడింటికి మోగడం మొదలైంది. పుణె నుంచి జోషి అని ఒక కుర్ర ఇంజనీరు. "సర్, మీ పుస్తకం నూట నలభయ్యో పేజీ. ఇక్కడ సోడా డబ్బా రేకు మందం వేరేగా ఉంది సర్. ఏం చేయమంటారు?" మామయ్య గారు ఫోన్ స్పీకర్‌లో పెట్టించుకుని, కుర్చీ ముందుకు లాక్కుని, యంత్రాన్ని నడపమనేవారు. అక్కడ అది తిరిగే చప్పుడు సముద్రాలు దాటి మా వంటింట్లోకి వచ్చేది. కళ్లు మూసుకుని వినేవారు. "కొంచెం కుడికి. ఇంకొంచెం. ఆఁ, ఆపు." ఇందుకు ఆయనకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఆయన అడగనూ లేదు. ఐదున్నరకే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోన్ పక్కన కూర్చునేవారు. మొదట రోజూ వచ్చేది. తర్వాత వారానికి రెండుసార్లు. ఆ ఎండాకాలం మధ్యలో జోషి ఒకసారి చేసి, "ఇప్పుడు అన్నీ బాగా వస్తున్నాయి సర్. అన్నీ పుస్తకంలో ఉన్నాయి" అన్నాడు. మామయ్య గారు చాలా సంతోషమన్నారు.

తర్వాతి వారం ఫోన్ రాలేదు. ఆ పైవారమూ రాలేదు. ఒక ఉదయం నేను కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్లేసరికి ఆయన ఇస్త్రీ చొక్కాలో నిలబడి, రిసీవర్ ఎత్తి చెవికి ఆనించుకుని వింటున్నారు. ఎవరు మామయ్య గారూ అని అడిగాను. చెయ్యెత్తి ఆగమన్నారు. ఇంకా కాసేపు విన్నారు. తర్వాత నెమ్మదిగా పెట్టేసి నా చేతిలో గ్లాసు అందుకున్నారు.

"లైను బాగానే ఉంది" అన్నారు.